ఏటవాలు ఎండ

డిసెంబరు 21న కెనడాలో, టొరంటో పక్కనున్న మార్కమ్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 23 డిగ్రీల ఎత్తు కూడా దాటడు. ఆ వేళకు ఆ ఊళ్ళోని యూనియన్‌విల్ మెయిన్ స్ట్రీట్ మీద ఒక ఆరడుగుల మనిషి నిలబడితే అతని నీడ 14 అడుగులు సాగుతుంది. అదే తేదీన హైదరాబాద్‌లో, చార్మినార్ ముందు నిలబడ్డ ఆరడుగుల మనిషి నీడ మధ్యాహ్నానికి అయిదడుగులే. వేసవి వస్తే అక్కడ నీడ కాళ్ళ కిందికి వెళ్ళిపోతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచే రోజులు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. మార్కమ్‌లో అలాంటి రోజు ఎన్నడూ రాదు. పొద్దు అన్నిటికంటే పెద్దదైన జూన్ 21న కూడా సూర్యుడు 70 డిగ్రీల లోపే ఆగిపోతాడు.

హైదరాబాద్ 17వ అక్షాంశం దాటిన చోట ఉంది, మార్కమ్ దాదాపు 44వ అక్షాంశం మీద ఉంది. అంతే తేడా. వారాంతంలో పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కారెక్కి నయాగరాకో, రూజ్ పార్కుకో, టొరంటో దీవులకో వెళ్ళివచ్చే తెలుగు కుటుంబాలు తీసే ప్రతి ఫొటోలోనూ ఈ తేడా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఫొటోలు తీయకూడదనీ, సాయంత్రం మంచి వెలుతురు ఇట్టే జారిపోతుందనీ మనం హైదరాబాద్ వైపు నేర్చుకున్న పాఠాలు ఇక్కడ సగం చెల్లవు. పైగా నవంబరు రాగానే కెమెరాను మూలపెట్టి మళ్ళీ మే నెలలో గాని తీయనివాళ్ళు మనలో ఎక్కువ. ఈ అక్షాంశం ఫొటోకి ఇచ్చే గొప్ప వరం సరిగ్గా ఆ మూలపెట్టిన నెలల్లోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

వెలుగు గాలిలోంచి వచ్చే దారిని ముందు చూద్దాం. బెండకాయను అడ్డంగా కోస్తే చిన్న చక్రం వస్తుంది, ఏటవాలుగా కోస్తే పొడుగాటి ముక్క వస్తుంది. కాయ మందం అదే, కత్తి నడిచిన దారి మాత్రం పెరిగింది. వాతావరణంలోకి కిరణం దిగే తీరూ ఇదే. నడినెత్తి నుంచి వచ్చే కిరణంతో పోలిస్తే, 23 డిగ్రీల ఎత్తు నుంచి వచ్చే కిరణం రెండున్నర రెట్లు మించిన గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో నత్రజని, ఆక్సిజన్ అణువులు వెలుగును చెదరగొడుతుంటాయి. అన్ని రంగులనూ ఒకేలా చెదరగొట్టవు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుందని తర్వాతి కాలంలో లార్డ్ రేలీగా పేరుపొందిన జాన్ స్ట్రట్ 1871లో తేల్చాడు. ఆ లెక్కన 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. నేరుగా వచ్చే ఎండలో నీలం తగ్గి తేనెరంగు మిగులుతుంది, చెదిరిన నీలమంతా ఆకాశం నుంచి దిగి నీడల్లో చేరుతుంది. చలికాలపు ఫొటోలో ఎండ పడిన గోడ బంగారంలా, దాని పక్కనున్న నీడ నీలంగా వచ్చేది ఇందుకే. కెమెరాలో లోపమేమీ లేదు.

ఏటవాలు ఎండ చేసే రెండో పని ముఖాల మీద కనిపిస్తుంది. నడినెత్తి సూర్యుడు కనుబొమల కింద, ముక్కు కింద నల్లటి నీడలు వేస్తాడు, కళ్ళు గుంటల్లో దాక్కుంటాయి. 23 డిగ్రీల ఎత్తున్న సూర్యుడు నేరుగా కళ్ళలోకి వెలుగు పంపుతాడు. మన ఊళ్ళల్లో ఉదయం ఏడున్నరకో, సాయంత్రం ఐదుకో దొరికే వెలుగు మార్కమ్‌లో డిసెంబరు మధ్యాహ్నం పన్నెండుకు దొరుకుతుందన్నమాట.

అది నిలిచి ఉండే సమయం కూడా ఎక్కువే. సూర్యుడు మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా పడమటికి దిగుతాడు. ఇక్కడ పక్కకు జారుతూ దిగుతాడు. మార్చి, సెప్టెంబరు విషువాల రోజుల్లో దిగంతానికి ఆరు డిగ్రీల ఎత్తు నుంచి అస్తమించే దాకా హైదరాబాద్‌లో 25 నిమిషాలు పడితే, మార్కమ్‌లో 33 నిమిషాలు పడుతుంది. డిసెంబరులో ఇక్కడ అది 40 నిమిషాలు దాటుతుంది. పొద్దు గూకిన తర్వాత మిగిలే సంధ్య వెలుగు జూన్‌లో హైదరాబాద్‌లో 24 నిమిషాలకు సర్దుకుంటే, ఇక్కడ 35 నిమిషాల దాకా ఉంటుంది. కాకపోతే గడియారాన్ని నమ్ముకుంటే మోసపోతాం. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపి ఉంటుంది కాబట్టి అసలైన మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై ప్రాంతంలో అవుతుంది, సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాక. డిసెంబరులో సాయంత్రం నాలుగూ ముప్పావుకే చీకటి మొదలు. వేసవిలో భోజనం చేసి తీరిగ్గా బయలుదేరినా వెలుగు ఎదురుచూస్తుంది. చలికాలంలో భోజనానికి ముందే బయలుదేరాలి.

ఒక్కరోజు ప్రయాణంలో ఎదురయ్యే చిక్కు ఇక్కడే. వారం రోజులు ఉండేవాడు మంచి వెలుగు కోసం మళ్ళీ రాగలడు. సాయంత్రానికి ఇంటికి చేరాల్సినవాడికి దొరికింది ఒకే సూర్యుడు, ఒకే మధ్యాహ్నం. అందుకే వెళ్ళే ముందు మ్యాపులో భవనం ఏ దిక్కుకు ముఖం పెట్టిందో చూసుకోవడం, ఎంత ఖరీదైన లెన్స్ కొన్నా రాని లాభం ఇస్తుంది. యూనియన్‌విల్‌నే తీసుకోండి. మెయిన్ స్ట్రీట్ దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి ఒక వరస దుకాణాలు తూర్పు ముఖం, ఎదుటి వరస పడమటి ముఖం. పొద్దున ఒక పక్క వెలుగుతుంది, సాయంత్రం రెండో పక్క. చలికాలపు మధ్యాహ్నం అటూఇటూ మాత్రం సూర్యుడు దక్షిణం నుంచి వీధి పొడవునా కిరణాలు పంపుతాడు. అవి రెండు వరసల గోడలనూ రాసుకుంటూ పోతాయి. 19వ శతాబ్దపు ఆ ఇళ్ళ ఇటుకల సందులు, చెక్క పలకల అంచులు, కిటికీ చట్రాల చెక్కడాలు ఒక్కొక్కటీ తన నీడను పక్కన పరుచుకుని పైకి తేలతాయి. వెలుగు గోడకు ఎదురుగా పడితే ఫొటో చదునుగా వస్తుంది, గోడను ఒరుసుకుంటూ పోతే గరుకుతనం కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే చారిత్రక కట్టడాల ఫొటోల్లో సగం పని అయినట్టే.

వెలుగును చదవడం ఈ ఊరికి కొత్త కాదు. 1794లో జర్మన్ కుటుంబాలను వెంటబెట్టుకుని వచ్చి మార్కమ్‌కు పునాది వేసిన విలియం బెర్జీ స్వయంగా చిత్రకారుడు. కెనడా ప్రకృతిని కాన్వాసు మీదికి తెచ్చిన గ్రూప్ ఆఫ్ సెవెన్ చిత్రకారుల్లో ఒకడైన ఫ్రెడ్ వార్లీ తన చివరి ఏళ్ళు యూనియన్‌విల్‌లోనే గడిపి 1969లో కన్నుమూశాడు. మెయిన్ స్ట్రీట్ ఉత్తరపు కొసన ఉన్న ఆర్ట్ గ్యాలరీ ఆయన పేరు మీదిదే.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే టూగుడ్ పాండ్. శరదృతువులో మేపుల్ చెట్ల ఎరుపు నీటిలో పడిన ఫొటో కోసం ఎందరో వస్తారు. చాలామంది నిలబడి, కంటి ఎత్తున ఫోను పట్టి తీసి, నీళ్ళు మట్టిరంగులో వచ్చాయని నిరాశపడతారు. కారణం చెబుతాను. నీటి మీద నిట్టనిలువుగా పడిన వెలుగులో తిరిగి పైకి వచ్చేది నూటికి రెండు పాళ్ళే. మిగతా 98 పాళ్ళు లోపలికి పోతాయి. కాబట్టి పాదాల దగ్గర మనకు కనిపించేది చెరువు అడుగు. వెలుగు నీటిని ఒరుసుకుంటూ వచ్చేకొద్దీ తిరిగి వచ్చే పాలు పెరుగుతుంది. నీటి మట్టానికి అయిదు డిగ్రీల కోణంలో చూస్తే సగానికి పైగా వెలుగు అద్దంలో లాగా తిరిగి వస్తుంది. ఈ లెక్కను ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెనెల్ 19వ శతాబ్దపు తొలి దశకాల్లోనే కట్టాడు. చేయవలసింది ఒక్కటే. గట్టున గొంతుక్కూర్చుని ఫోనును తలకిందులుగా తిప్పండి. లెన్స్ కిందికి వస్తుంది. దాన్ని నీటికి బెత్తెడు ఎత్తుకు దించండి. అంతవరకు మట్టిరంగులో ఉన్న నీళ్ళు తెర మీద మెల్లగా మాయమై, అవతలి గట్టు మీది చెట్లు రెండింతలవుతాయి. గాలి లేని పొద్దుటిపూట అయితే ఆకు ఆకూ లెక్కపెట్టవచ్చు.

అయితే నీటి రంగంతా ప్రతిబింబమేనని అనుకోకూడదు. విశాఖపట్నంలో సముద్రం పక్కన బాల్యం గడిపిన సి.వి. రామన్, 1921లో ఓడ ప్రయాణం చేస్తూ సముద్రపు నీలం ఆకాశం నీడేనన్న మాటను ఒప్పుకోలేక, నీటి అణువులు కూడా వెలుగును చెదరగొడతాయని చూపించాడు. ఆయన చేతిలో ఉన్నది ఉపరితలపు మెరుపును తుడిచిపెట్టే నికోల్ పట్టకం అనే పోలరైజర్. ఈనాడు కెమెరా దుకాణాల్లో ఫిల్టరుగా అమ్మేదీ అదే రకం పరికరం. మార్కమ్ తూర్పు అంచున మొదలయ్యే రూజ్ నేషనల్ అర్బన్ పార్కులో అక్టోబరు నెలలో దీన్ని మించిన సాధనం లేదు. ఆకుల మీది తెల్లటి మెరుపును తీసేస్తే, పత్రహరితం విరిగిపోయాక బయటపడ్డ పసుపు కెరోటినాయిడ్లూ, చలికి కొత్తగా పుట్టిన ఎరుపు ఆంథోసయనిన్లూ అసలు రంగులో కనిపిస్తాయి.

ఇక మంచు. మంచులో తీసిన మొదటి ఫొటో బూడిదరంగులో రావడం ఇక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అనుభవమే. కెమెరాలోని కాంతిమాపకానికి తాను చూస్తున్నది ఏమిటో తెలియదు. సగటు దృశ్యం తన మీద పడ్డ వెలుగులో 18 శాతం వెనక్కి పంపుతుందనే పాత లెక్క మీదే దాని నడక ఆధారపడింది. కొత్తగా పడిన మంచు 80 నుంచి 90 శాతం దాకా వెనక్కి పంపుతుంది. ఇంత వెలుగు ఎక్కువైపోయిందని కెమెరా కంగారుపడి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. తెల్లటి మంచు బూడిదగా మారుతుంది, దాని ముందు నిలబడ్డ మన చామనఛాయ ముఖాలు దాదాపు నల్లబడిపోతాయి. కొత్త ఫోన్లు దృశ్యాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నాయి గాని, పూర్తిగా కాదు. తెర మీద ముఖాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. పెద్ద కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్‌ను ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల దాకా పెంచండి. ముఖం తేరుకుంటుంది, మంచు తెల్లబడుతుంది.

ముఖాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. దశాబ్దాల పాటు రంగు ఫొటోల ల్యాబుల్లో చర్మపు రంగు సరిచూసుకోవడానికి వాడిన నమూనా కార్డుల మీద తెల్లజాతి యువతుల బొమ్మలే ఉండేవి. వాటిని షర్లీ కార్డులనేవారు. ఆ చర్మానికి సరిపడేలా సర్దిన రంగుల్లో గోధుమ, నలుపు ఛాయలు మట్టికొట్టుకుపోయేవి. మాంట్రియల్‌లోని కాంకార్డియా విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు లోర్నా రాత్ ఈ చరిత్రను 2009లో వివరంగా రాశారు. అన్ని ఛాయల మనుషులూ ఉన్న కార్డులు 1990లలో గాని రాలేదు. పాత ఆల్బముల్లో మన పెద్దవాళ్ళ ముఖాలు నల్లగా, వివరాలు లేకుండా కనిపిస్తే తప్పు వాళ్ళ ఛాయది ఎంతమాత్రం కాదు. వాళ్ళను లెక్కలోకి తీసుకోకుండా తయారుచేసిన ఫిల్ముది.

చలిలో ఫోను ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణం బ్యాటరీ. అందులో లిథియం అయాన్లు ద్రవంలోంచి అటూఇటూ ఈదాలి. సున్నాకు దిగువన ఆ ఈత మందగించి లోపలి నిరోధం పెరుగుతుంది. ఛార్జి ఉన్నా బయటికి రాదు. ఫోనును కోటు లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకుంటే కోలుకుంటుంది. తిరిగి ఇంట్లోకి వచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. మైనస్ 15లో తిరిగిన కెమెరాను వెచ్చటి గదిలో బయటికి తీస్తే గదిగాలిలోని తేమంతా దాని మీద, లెన్స్ లోపలి అద్దాల మీద కూడా నీళ్ళుగా దిగుతుంది. బయట ఉండగానే జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసేసి, గది వేడికి వచ్చిన తర్వాతే తీయాలి. తేమ సంచి మీద పడుతుంది, కెమెరా పొడిగా ఉంటుంది.

మార్కమ్ నుంచి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న నయాగరా, ఈ ఖండంలో విహారయాత్ర ఫొటోలకు పుట్టిల్లు. పారిస్‌లో 1839 ఆగస్టులో డాగెర్ ఫొటో పద్ధతి బయటపెట్టిన మరుసటి ఏడే, 1840లో, హ్యూ లీ ప్యాటిన్‌సన్ అనే ఇంగ్లండు రసాయనవేత్త నయాగరాకు వచ్చి కెనడా వైపు నుంచి హార్స్‌షూ జలపాతాన్ని వెండి పూత పూసిన రాగి రేకు మీద పట్టాడు. కెనడా గడ్డ మీద తీసినవాటిలో మనకు తెలిసిన తొలి ఫొటో అదే. సీసం నుంచి వెండిని వేరుచేసే పద్ధతి కనిపెట్టినవాడు కూడా ఆయనే కావడం నాకు ఎంతో అపురూపంగా తోస్తుంది. వెండి గుట్టు తెలిసిన మనిషి వెండి మీదే జలపాతాన్ని నిలిపాడు. ఆ రేకు ఇప్పుడు న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఉంది. 1853 నుంచి అమెరికా వైపు ప్లాట్ బాబిట్ అనే ఫొటోగ్రాఫర్ గట్టున నిలబడి జలపాతాన్ని చూస్తున్న యాత్రికులను వెనక నుంచి తీసి వాళ్ళకే అమ్మేవాడు. నేటి సందర్శక స్థలాల ఫొటో దుకాణాలకు ఆయనే ఆదిపురుషుడు.

ఆ తొలి రేకులకు వెలుగు చాలాసేపు తాకాలి, కాబట్టి నీరు పొగలా అలుక్కుపోయేది. ఇప్పుడు ఎంపిక మనది. జలపాతం 20 మీటర్లు పడేసరికి నీటి వేగం సెకనుకు దాదాపు 20 మీటర్లు అవుతుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరిస్తే ఆ లోపు నీరు రెండు సెంటీమీటర్లు జరుగుతుంది, బొట్టు బొట్టుగా నిలిచిపోతుంది. ముప్పయ్యో వంతు తెరిస్తే రెండడుగులకు పైగా జరుగుతుంది, పట్టుచీర కుచ్చిళ్ళలా సాగుతుంది. నయాగరాకు నా ఓటు వేగమైన షట్టర్‌కే. ఆ జలరాశి బరువు కనిపించాలంటే బొట్లు విరిగిపడుతూ ఉండాలి.

జలరాశి కూడా వేళను బట్టి మారుతుందని చాలామందికి తెలియదు. కెనడా, అమెరికా 1950లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పగటి సందర్శన వేళల్లో సెకనుకు కనీసం లక్ష ఘనపుటడుగుల నీరు జలపాతం మీదుగా వదలాలి. రాత్రిళ్ళూ, చలికాలమంతా అందులో సగం వదిలితే చాలు, మిగతాది విద్యుత్ కేంద్రాలకు మళ్ళించుకోవచ్చు. నిండు జలపాతం కావాలనుకునేవాళ్ళు వేసవి పగటిపూట వెళ్ళాలి. గట్లూ, చెట్లూ, రెయిలింగులూ తుంపర గడ్డకట్టి గాజులా మెరవడం చూడాలంటే జనవరి, ఫిబ్రవరి.

ఇంద్రధనుస్సు కోసం వెళ్ళేవాళ్ళు 42 అనే అంకె గుర్తుంచుకోవాలి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడితే, మీ తల నీడ పడే చోటు చుట్టూ 42 డిగ్రీల వలయంలో ధనుస్సు ఏర్పడుతుంది. నీటి బొట్టులోకి వంగి దూరి, లోపలి గోడకు తగిలి, మళ్ళీ వంగి బయటికి వచ్చే వెలుగు ఆ కోణం దగ్గరే గుమిగూడుతుందని 1637లో దెకార్త్ లెక్కకట్టి చూపించాడు. సూర్యుడు 42 డిగ్రీలకు పైన ఉంటే ధనుస్సు మొత్తం దిగంతం కిందికి పోతుంది. జూన్ మధ్యాహ్నం నయాగరాలో తలెత్తి వెతికినా దొరకనిది ఇందుకే. కెనడా గట్టు మీది టేబుల్ రాక్ దగ్గర రెయిలింగు మీంచి లోయలోని తుంపరలోకి తలవంచి చూడండి, అక్కడ ఉంటుంది. సాయంత్రం ఐదయ్యేసరికి సూర్యుడు 42 డిగ్రీలకు దిగుతాడు, అప్పటినుంచి ధనుస్సు పైకి లేస్తుంది. కెనడా గట్టు నదికి పడమటి వైపున ఉంది కాబట్టి మధ్యాహ్నం దాటిన సూర్యుడు మన వీపు వెనకే ఉంటాడు, ధనుస్సు ఎదురుగా అమెరికా జలపాతం వైపు నిలుస్తుంది. డిసెంబరులోనైతే సూర్యుడు రోజంతా 42కి కిందే. ఎండ కాసి తుంపర లేస్తే ఏ వేళకైనా ధనుస్సు కనిపించవచ్చు. ఒక హెచ్చరిక: ధనుస్సు వెలుగు దాదాపు పూర్తిగా ఒకే దిశలో పోలరైజ్ అయి ఉంటుంది. రూజ్‌లో మేలు చేసిన ఫిల్టరును ఇక్కడ తప్పు దిశలో తిప్పితే ధనుస్సే మాయమవుతుంది.

భవనాలు వెనక్కి పడిపోతున్నట్టు రావడం మరో సాధారణమైన ఫిర్యాదు. మార్కమ్ ఉత్తరాన, పోప్ రెండో జాన్ పాల్ 1984లో వచ్చి ఆశీర్వదించిన ట్రాన్స్‌ఫిగరేషన్ కేథడ్రల్ బంగారు గుమ్మటాలను దగ్గర నుంచి తలెత్తి తీస్తే బురుజులు ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు వస్తాయి. సెన్సర్ గోడకు సమాంతరంగా ఉన్నంత వరకు నిలువు గీతలు నిలువుగానే పడతాయి. ఫోనును పైకి వంచిన క్షణాన ఆ సమాంతరం పోతుంది. సికింద్రాబాద్‌లో 1886లో స్టూడియో పెట్టి నిజాం కొలువులో పేరుపొందిన లాలా దీన్‌దయాళ్ కాలపు కెమెరాలకు ముందు తోలుతిత్తి ఉండేది. కెమెరాను నిటారుగానే ఉంచి లెన్సును మాత్రమే పైకి జరిపితే, గోడలు వాలకుండా శిఖరం చట్రంలోకి వచ్చేది. ఆ తరం తీసిన కోటల, రాజభవనాల ఫొటోలు కొలిచి గీసినట్టు ఉండడంలో ఆ తిత్తి పాత్ర పెద్దది. మన ఫోనులో లెన్స్ జరగదు. వెనక్కి నడిచి, ఫోను నిటారుగా పట్టుకుని, కింద ఎక్కువగా వచ్చిన నేలను తర్వాత కత్తిరించడమే దానికి దగ్గరి ఉపాయం.

చీకటి పడ్డాక ఫోను చేసే పని లెక్కల పని. వెలుగు కణాలుగా వస్తుంది, ఎన్ని వచ్చాయన్నది ప్రతిసారీ కొంత అటూఇటూ అవుతుంది. తక్కువ వెలుగులో ఆ తడబాటే ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. నైట్ మోడ్‌లో ఫోను వరసగా ఎన్నో ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి సరిపెట్టి సగటు కడుతుంది. తొమ్మిది కలిపితే ఆ ఇసుక మూడో వంతుకు తగ్గుతుంది. వెలుగును విద్యుత్తుగా మార్చి చదివే సీసీడీని 1969లో కనిపెట్టిన ఇద్దరిలో ఒకడు కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టిన విలర్డ్ బాయిల్, 2009లో నోబెల్ అందుకున్నాడు. ఫోను తెర మీద బొమ్మలను నడిపే చిప్పుల కథలో మార్కమ్‌కు కూడా పాత్ర ఉంది. ఈ ఊళ్ళో కేంద్రం పెట్టుకున్న ఏటీఐ కంపెనీని 2006లో ఏఎండీ కొన్నది. ఏటీఐ చేతిఫోన్ల కోసం తయారుచేసిన గ్రాఫిక్స్ విభాగం 2009లో క్వాల్‌కామ్‌కు వెళ్ళింది. ఈనాడు కోట్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్న గ్రాఫిక్స్ చిప్పులు ఆ వంశానివే.

టొరంటో దీవుల నుంచి సీఎన్ టవర్‌ను తీయాలంటే చీకటి పూర్తిగా పడకముందే, సంధ్యలోనే తీయాలి. అప్పటి ఆకాశపు ముదురు నీలం రేలీ లెక్క ఒక్కదానితో కుదరదు. సూర్యుడు దిగిపోయాక వెలుగు ఓజోన్ పొరలోంచి చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తుంది. ఓజోన్ నారింజ, పసుపు రంగులను మింగేసి నీలాన్ని మిగుల్చుతుంది. ఈ సంగతి 1953లో తేలింది. ఆ 35 నిమిషాల్లోనే భవనాల దీపాలూ ఆకాశమూ ఒకే స్థాయిలో వెలుగుతాయి. ఆ తర్వాత ఆకాశం నల్లబడి, దీపాలు మాత్రమే మిగులుతాయి.

ఏటవాలు ఎండకున్న ఉపయోగాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది చివర చెబుతాను. మార్కమ్ పాత శ్మశానాల్లో 19వ శతాబ్దపు చలువరాతి సమాధి ఫలకాలున్నాయి. వానలోని ఆమ్లత్వానికి రాతిపై పొర కొంచెం కొంచెంగా కరిగి, పేర్లు అరిగిపోయాయి. ఎదురెండలో చూస్తే వట్టి తెల్లరాయి. సూర్యుడు ఫలకం ముఖాన్ని అప్పుడే అందుకుంటున్నప్పుడో, వదిలి వెళ్తున్నప్పుడో చూస్తే, వెలుగు రాతిని ఒరుసుకుంటూ పోయి, వెంట్రుకవాసి లోతున్న గీత కూడా నీడ వేస్తుంది. పేరు, సంవత్సరం పైకి తేలతాయి. శాసనాలు చదివే పండితులు తరతరాలుగా వాడే ఉపాయమిది. 2001లో హెచ్‌పీ పరిశోధనశాలకు చెందిన టామ్ మాల్జ్‌బెండర్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. కెమెరాను కదపకుండా, దీపాన్ని మాత్రం చుట్టూ తిప్పుతూ ఎన్నో ఫొటోలు తీస్తే, కంప్యూటరు ప్రతి బిందువు దగ్గరా రాయి ఎటు వాలిందో లెక్కకడుతుంది. తర్వాత తెర మీద మనకు నచ్చిన దిక్కు నుంచి వెలుగు పడనిచ్చి చదువుకోవచ్చు.

ఇప్పటివరకు దొరికిన తెలుగు శాసనాల్లో పాతదిగా చెప్పే కడప జిల్లా కలమళ్ళ శాసనం, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించినది, సుమారు క్రీ.శ. 575 నాటిది. అలాంటి పెద్ద పేరేమీ లేని శాసనపు రాళ్ళు మన ఊళ్ళ గుళ్ళ ముందు, చెరువుగట్ల మీద, రచ్చబండల పక్కన ఎండకూ వానకూ నిలబడి ఉన్నాయి. సున్నం పూసినవి కొన్ని, బట్టలుతికే బండలైనవి కొన్ని. నాగార్జునకొండ లోయ సాగర్ నీటిలో మునగబోతుందని తెలిసి 1954 నుంచి పురావస్తు శాఖ తవ్వకాలు చేసి, ఫొటోలు తీసి పెట్టింది కాబట్టి అక్కడ ఏ కట్టడం ఎక్కడ ఉండేదో ఈనాడు చూడగలుగుతున్నాం. ప్రతి ఊరికీ అలా ఎవరో ఒకరు రారు.

కెనడా నుంచి డిసెంబరు సెలవుల్లో ఊరికి వెళ్ళేవాళ్ళకు నా విన్నపం. మీ ఊళ్ళో శాసనపు రాయి ఉంటే ఒక పొద్దుటిపూట దాని కోసం కేటాయించండి. అక్షరాలు కనబడాలని సుద్ద, పసుపు, నూనె రుద్దకండి. అవి రాతి రంధ్రాల్లో చేరి చెరుపు చేస్తాయి. రాయి ముఖం మీదికి ఎండ వచ్చే మొదటి అరగంటలో గాని, వదిలిపోయే చివరి అరగంటలో గాని తీయండి. కుదరకపోతే చీకటి పడ్డాక ఫోనును ఒకచోట కదలకుండా నిలిపి, ఇంకొకరి చేత టార్చి లైటును నాలుగు పక్కల నుంచీ రాతికి ఆనించినంత వాలుగా వేయించి నాలుగు ఫొటోలు తీయండి. ఫోను రాతికి సమాంతరంగా ఉండాలి, పక్కన ఒక స్కేలు పెట్టాలి. ఊరు, మండలం, రాయి ఉన్న చోటు, తీసిన తేదీ ఫొటోతోపాటు రాసిపెట్టి, దగ్గర్లోని విశ్వవిద్యాలయపు చరిత్ర శాఖకో, పురావస్తు శాఖకో పంపండి.